భట్టుగారు పచ్చడికి పెట్టిన పేరు

నీలాద్రిపురం రాజావారికి ఒక అలవాటుండేది. టమాటా పచ్చడితో మొదటి ముద్ద తినందే ఇంకేదీ ముట్టరు. ఆయన ముట్టందే పంక్తిలో ఎవరూ ముట్టకూడదు!

ఓ రోజు ముద్ద నోట్లో పెట్టుకుంటూ, "దీన్నేమంటార్రా?" అన్నారు.

"రామములగ పచ్చడి" అన్నాడు వంటవాడు. "మా పుట్టింట్లో తక్కాళి ఊరుబిండి" అన్నారు రాణీగారు. దివానుగారు ఊరుకుంటారా? "సీసాలో పోస్తే దొరలు కెచప్పంటారు ప్రభూ. కొందరు క్యాట్సప్పనీ రాస్తారు."

"నాకితే అయిపోయే ఇంత పచ్చడికి ఇన్ని పేర్లా? ఒక్కటి ఖాయం చెయ్యండి!"

ఆస్థాన పండితుడు భైరవభట్టు మీసం దువ్వాడు. "అవన్నీ మోటు మాటలు ప్రభూ. నేటినుంచి దీని పేరు శోణవర్ణ వర్తులఫల మరీచ సంయుక్త జిహ్వానంద లేహ్యరాజం!"

రాజుగారు మురిసిపోయారు. ఇంకో పేరు పలికితే కొలువు ఊడుతుందన్నారు.

మర్నాడే వడ్డన చేసే సన్యాసి అలవాటుగా "పచ్చడి, పచ్చడి" అంటూ పంక్తిలోకొచ్చాడు. పాపం, అంతే!

"రేపు వియ్యాలవారి విందు కానిచ్చి వెళ్ళిపో" అన్నారు రాజుగారు. సన్యాసి ఏడుస్తూ పానకాలు కాళ్ళమీద పడ్డాడు. పానకాలంటే రాజుగారిని నవ్వించే కొలువుకాడు లెండి.

పానకాలు వెళ్ళి, "ప్రభూ, రేపు లేహ్యరాజం వడ్డన నాకిప్పించండి. పేరు తప్పితే ఎవరికైనా ఇదే శిక్షా?" అన్నాడు.

"ఎవరికైనా!"

"భట్టుగారికైనా?"

"నన్ను నిద్రలో లేపి అడగవోయ్!" అన్నాడు భట్టు.

విందు మొదలైంది. అన్నం పొగలు కక్కుతోంది. పానకాలు ఒక్కో ఆకు ముందూ నిలబడి, కళ్ళు మూసుకుని, పేరంతా సాగదీసి పలికి, చిటికెడు వేస్తాడు. ఎవరైనా దగ్గితే, "అపచారం!" అని మళ్ళీ మొదటికొస్తాడు.

ఆకులో పచ్చడి పడందే ఎవరూ ముద్ద కలపకూడదాయె! అన్నం చల్లారింది. నెయ్యి పేరుకుంది.

"ఇక్కడ భోజనం పెడతారా, పురాణం చెబుతారా?" అన్నాడు వియ్యంకుడు. రాజుగారు భట్టుకేసి కొరకొరా చూశారు.

ఆఖరి ఆకు భట్టుదే. ఆయన కడుపులో అప్పటికే బాజాలు మోగుతున్నాయి.

"శోణవర్ణ వర్తులఫల..." పానకాలు తుమ్మాడు. "అపచారం! శోణవర్ణ..." మళ్ళీ తుమ్మాడు.

"ఒరేయ్! ఆ గొజ్జు కాస్త ఇలా తగలెయ్యరా!" అని అరిచాడు భట్టు.

పంక్తంతా భట్టువైపు తిరిగింది.

"గొజ్జా?" అన్నారు రాజుగారు. "ఇది ఇంకో పేరా?"

"మా... మా అమ్మ అలా అనేది ప్రభూ" అని నసిగాడు భట్టు.

పానకాలు చేతులు కట్టుకున్నాడు.

"చిత్తం ప్రభూ, భట్టుగారి పాండిత్యం అన్నం వేడిగా ఉన్నంతసేపే!"

వియ్యంకుడికి పొలమారింది. రాణీగారు కొంగు అడ్డం పెట్టుకున్నారు. రాజుగారైతే ఆకు మీదికి వంగిపోయి నవ్వారు.

"భట్టూ, చట్టం ప్రకారం మీ కొలువు ఊడాలి. సన్యాసిని ఉంచడానికి మీరొప్పుకుంటే మిమ్మల్నీ ఉంచుతాను. ఏమంటారు?"

"ఉంచండి ప్రభూ, ఉంచండి!"

"సన్యాసీ, గిన్నె అందుకో! ఏ పేరైనా పెట్టుకో, వేడన్నం మాత్రం త్వరగా తే!" అంటూ రాజుగారు మెడలోని ముత్యాలహారం తీసి, పచ్చడి చేత్తోనే పానకాలు మెడలో వేశారు.