గేదెకు వేసిన రాయి

పూర్వం ఒక రాజధానిలో వరదయ్య అనే ధనవంతుడికి మూడంతస్తుల అద్దె మేడ ఉండేది. దారినపోయేవాళ్ళు చూసి మెచ్చుకోవాలని దాని మెట్లకూ నడవాకూ అద్దంలాంటి పాలరాయి పరిపించాడు. దానిమీద నాలుగు చుక్కలు పడితే చాలు, కాలు నిలిచేది కాదు.

పై అంతస్తులో కాపురముండే సూరాలూ ఆమె చెల్లెలూ ఇంటింటికీ నీళ్ళు మోసి బతికేవాళ్ళు. ఒకరోజు చెల్లెలు బిందెతో సహా జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. సూరాలు న్యాయాధికారికి మొరపెట్టుకుంటే, ఆయన వరదయ్యను పిలిపించాడు.

"రాయి బంగారంలాంటిదండీ. వీళ్ళకే నడవడం చేతకాదు," అని నవ్వాడు వరదయ్య.

ఆ నవ్వుకి సూరాలుకి ఒళ్ళు మండిపోయింది. "అయితే మీ పాడిగేదెను ఒక్క పూట ఆ నడవాలో కట్టెయ్యండి. అది జారకపోతే తప్పు మాదేనని ఒప్పుకుని ఊరొదిలి పోతాం."

"నీకేమైనా మతి పోయిందా?" అని అరిచాడు వరదయ్య. "దాని కాలు విరిగితే? జారకూడదనే కదా, పాకలో దానికి ఉలిగాట్లు పెట్టిన నల్లరాయి వేయించాను!"

అనేశాక నాలిక కరుచుకున్నాడు.

"విన్నారా దొరా?" అంది సూరాలు. "మమ్మల్ని మనుషుల్లా చూడమని అడగను. గేదెకు వేసిన రాయే మాకూ వెయ్యమనండి."

"వేస్తాడు," అన్నాడు న్యాయాధికారి. "వేసేదాకా ఆ పై అంతస్తులోనే ఉండి, తన నీళ్ళు తనే మోసుకుంటాడు."

మర్నాడు వరదయ్య మొదటి బిందె భుజానికెత్తుకోకముందే నల్లరాళ్ళ బండ్లు మేడ ముందు ఆగాయి.