మసిబారిన తాటాకు

సముద్రపొడ్డున ఓ రాజ్యంలో, ఓడెక్కే సరుకు ఏ ఊళ్లో పుట్టిందో తాటాకు మీద రాయించి, సరుకు అమ్మేవాళ్లే ఆ ఆకుని భద్రంగా దాచుకోవాలి. తుంగచాపలల్లే నూకాలు చెదలకి భయపడి, తన ఆకుని పొయ్యి మీది ఉట్టిలో పెట్టింది. చెదలైతే పట్టలేదు గానీ, పొగకి అక్షరాలన్నీ మసిలో కలిసిపోయాయి.

రేవు అధికారి కూర్మనాథుడు ఆకుని అటూ ఇటూ తిప్పి విసిరికొట్టాడు. "రుజువు లేదు. ఇవి మన దేశపు చాపలు కావు, పో!"

అవతల ఓడ తెరచాప ఎత్తుతున్నారు. అది వెళ్లిపోతే వానలకి చాపలన్నీ బూజుపడతాయి. నూకాలు కిందపడ్డ ఆకుని తీసుకుని అధికారి వైపు తిరిగింది.

"అయితే పరాయి దేశానివేనంటారా బాబూ?"

"ముమ్మాటికీ!"

"రుజువు లేని పరాయి సరుకుని తమరేం చేస్తారు?"

"ఒక్క పూట ఉండనివ్వను. పొద్దుగూకేలోగా దేశం దాటించేస్తాను!" అని మీసం దువ్వాడు కూర్మనాథుడు.

"మరింకేం బాబూ, ఇవాళ దేశం దాటేది ఆ ఓడొక్కటే. తమ మనుషుల్ని పిలవండి."

ఇవి మన చాపలేననబోయి ఆగాడు కూర్మనాథుడు. అలా అన్నా ఓడెక్కించక తప్పదు.

"ఎక్కించండ్రా!" అని అరిచాడు.

నూకాలు కూలీల వెంట నడుస్తూ, "తడవనీకండి నాయనా, పరాయి దేశపు సొత్తు" అంది.