పొయ్యి ఆర్పిన ఎఫీ

ఎప్పటి మాటో ఎవరూ చెప్పలేరు. ఇప్పుడున్న దారులు అప్పుడు లేవు, ఇప్పుడున్న ఊళ్లు లేవు. గాలి మాత్రం ఇదే గాలి. స్కాట్లాండ్ కొండల్లో ఎఫీ అని ఒకావిడ ఉండేది. మొగుడు లేడు, పిల్లలు లేరు, సెంటు భూమి లేదు. వాగు నుంచి చెక్క బాల్చీలతో నీళ్లు మోసి బతికేది.

ఆ కొండవాలున టార్క్విల్ అనే రైతు ఇల్లు తలపెట్టాడు. రెండు మూరల మందాన రాతిగోడలు, గాలి దూరకుండా బుల్లి కిటికీలు, పైన పలకరాళ్ల కప్పు. వాకిలికి ఒక పక్క గొడ్లపాక, ఒక పక్క గుర్రాలసాల, ఒక పక్క ధాన్యం కొట్టు. ఇంటి తూర్పు చివర ఎత్తయిన గోడ, ఆ గోడలోనే పొయ్యి.

పునాది తవ్వకముందే మంచు కురిసింది. కొండంతా తెల్లబడింది. తూర్పు మూల మాత్రం నల్లగానే ఉండిపోయింది. ఎఫీ అది చూసి మేస్త్రీ గిల్‌క్రిస్ట్ దగ్గరికి వెళ్లింది.

"అయ్యా, ఆ మూల మంచు నిలవట్లేదు. కింద ఊట ఉంది, గోడ కడితే కుంగుతుంది."

మేస్త్రీ నవ్వాడు. రైతుకు అదే మాట చెప్పింది. మేస్త్రీ కంటే నీకెక్కువ తెలుసా అన్నాడు. రైతు భార్యకు అదే మాట చెప్పింది. సున్నం నానబెట్టాలి, నీళ్లు తెమ్మంది ఆవిడ. ఎఫీ నీళ్లకు వెళ్లిపోయింది.

ఇల్లు లేచింది. గృహప్రవేశం నాడు ఊరంతా తూర్పు గదిలో విందుకు కూర్చుంది. ఎఫీ బయట నీళ్లు దించుతూ గోడ వైపు చూసింది. రాళ్ల సందుల్లోంచి సున్నం పొడిగా రాలుతోంది. వేలు పట్టేంత బీట.

చేతిలో బాల్చీతోనే లోపలికి వెళ్లి చెప్పింది. పాటల హోరులో ఎవరికీ వినపడలేదు. రైతు భుజం తట్టింది. ఆయన తిరగలేదు.

అప్పుడు బాల్చీ ఎత్తి పొయ్యిలో పోసేసింది.

కొత్త ఇంట్లో మొదటి నిప్పు ఆర్పడమా! గుప్పున పొగ కమ్మేసింది. దగ్గుతూ, తిడుతూ అందరూ వాకిట్లో పడ్డారు. మూలమంచంలో రైతు తల్లి మిగిలిపోయింది, కళ్లు కనిపించని ముసలావిడ. ఎఫీ వెనక్కి వెళ్లి ఆవిడను ఎత్తుకొచ్చి, గడపలో కొడుకు చేతుల్లో పెట్టింది.

గోడ కూలింది. కప్పు కూలింది. గడప మీద నిలబడ్డ ఎఫీ ఇక లేదు.

నోట్లో రొట్టె ఉన్నవాడు నమలడం మరిచిపోయాడు. రాళ్ల కింద నుంచి నీళ్లు సన్నగా వాకిట్లోకి పారుకుంటూ వచ్చాయి.

"నన్ను మోసిందెవర్రా? ఆవిడ పేరేంటి?" అంది ముసలావిడ.

రైతు మేస్త్రీ వైపు చూశాడు. మేస్త్రీ రైతు భార్య వైపు చూశాడు. ఆవిడ తల దించుకుంది. రెండేళ్లు ఎఫీ చేత నీళ్లు మోయించుకున్న ముగ్గురికీ ఆమె పేరు తెలియదు. చివరికి గొడ్లపాకలోంచి పాలు పితికే ఆమె వచ్చి చెప్పింది.

ఆ మూల మళ్లీ కట్టలేదు. ఊటను వదిలేసి, గోడను మోచేయిలా వంచి ఇల్లు పూర్తి చేశారు. ఇప్పటికీ అది వంకరగానే ఉంటుంది.

ఆ కొండల్లో ఇప్పటికీ కొత్త ఇంట్లో పొయ్యి వెలిగించగానే ఇంటాయన బాల్చీడు నీళ్లు దాని మీద పోస్తాడు. అందరూ బయటికి వస్తారు. అక్కడ ఆయన ఆ ఇంటికి రాళ్లు మోసినవాళ్లనీ, నీళ్లు మోసినవాళ్లనీ ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలవాలి. ఒక్క పేరు తప్పినా మళ్లీ నిప్పు రాజేయనివ్వరు.