బట్టలో పడ్డ వసంతం

దగ్గరగా జరగండర్రా. భయమేస్తే పక్కవాళ్ళ చెయ్యి పట్టుకోండి. మధ్యలో లేచిపోతే మాత్రం ఊరుకోను.

మీ తాతల తాతలు ఇంకా ఉయ్యాల్లో ఊగుతున్న కాలంలో చైత్రసేనుడని ఒక రాజు ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. వసంతం రాగానే రాజకుమారులైనా సరే కలం పట్టి, ఆ ఏడు పూసిన పూలన్నీ బట్టమీద వేయాలి. పెద్దవాడు గీతలు గీసేవాడు. నడిపివాడు రంగులు కాచేవాడు. చిన్నవాడు పుష్పకేతుకు ఎప్పుడూ పటికనీళ్ళే దక్కేవి. ఎరుపు రావాల్సిన చోటల్లా పటికనీళ్ళు పూయాలి. ఆరితే ఏమీ కనపడదు. చిరివేరు వేసి మరిగించిన ఎర్రనీళ్ళలో బట్టను ఉడికిస్తేనే, పటిక తగిలిన చోట ఎరుపు పట్టుకుంటుంది. "కనపడని పని మా తమ్ముడిది" అని అన్నలు ఏడిపించేవారు.

ఒక ఏడు వసంతం వచ్చింది, పూలు రాలేదు. మోదుగ పూయలేదు. మామిడి పూత వేయలేదు. కోయిల నోరు తెరవలేదు. కారణం కనుక్కుంటానని పెద్దవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. అన్నను వెతుకుతానని నడిపివాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. రాణి అన్నం మానేసింది.

"నేను వెళ్తానమ్మా" అన్నాడు పుష్పకేతు.

"నువ్వైనా నాకు మిగులురా నాయనా" అని ఏడ్చిందామె. అయినా బయల్దేరాడు.

సముద్రం ఒడ్డున ఖాళీ గూటి పక్కన గండభేరుండ పక్షి కూర్చుని ఏడుస్తోంది. ఎందుకేడుస్తున్నావని అడిగాడు.

"ఏడు సముద్రాల అవతల కంకాళుడనే మాంత్రికుడున్నాడు. వాడు దేన్ని బట్టమీద గీస్తే అది మాయమై బట్టలో పడుతుంది. మీ పూలను గీశాడు. నా పిల్లల్ని గీశాడు. నీ పోలికే ఉన్న ఇద్దరిని నేనే దాటించాను, వాళ్ళనూ గీశాడు. వాడి ప్రాణం వాడి ఇంట్లోనే ఒక చిలకలో ఉందట. ఆ చిలకను చూసినవాళ్ళు లేరు."

"నన్నూ దాటించు" అన్నాడు పుష్పకేతు. పక్షి వీపెక్కి కూర్చున్నాడు.

ఒక సముద్రం దాటారు, నీళ్ళు నల్లగా ఉన్నాయి. ఇంకొకటి దాటారు, ఇంకా నల్లగా ఉన్నాయి. ఏడోది దాటి, కంకాళుడి ఇంటి ముందు దిగారు.

లోపల గోడల నిండా బట్టలే. ఎంత అందమో! మోదుగలు, మామిడిపూత, కోయిలలు. వాటి మధ్య ఇద్దరు మనుషులు. అన్నలు! గీతల్లో బిగుసుకుపోయి, నోళ్ళు మూసుకుని నిలబడ్డారు. పుష్పకేతు అటు నడిస్తే వాళ్ళ కళ్ళు అటు తిరిగాయి. ఇటు నడిస్తే ఇటు తిరిగాయి.

మూలన పెద్ద కాగులో ఎర్రనీళ్ళు మరుగుతున్నాయి. కర్రతో కలుపుతున్న అమ్మాయి అతన్ని చూసి ఉలిక్కిపడింది.

"పారిపో! నా పేరు కువలయ, ఒక రాజు కూతుర్ని. రంగు కాయడానికి నన్ను ఎత్తుకొచ్చాడు. వాడు సముద్రస్నానం చేసి రాగానే ఈ మనుషులున్న బట్టను కాగులో వేయిస్తాడు. రంగు పట్టిందంటే లోపలివాళ్ళు ఇక బయటికి రారు."

"చిలక ఎక్కడుంది?"

"చిలక బొమ్మ ఒక్కటీ లేదు. బొమ్మల్లేని ఉత్త బట్టలు మూడున్నాయి. వాటిని ముట్టుకుంటే మాత్రం కొరడా తీస్తాడు."

ఉత్త బట్టకు అంత కాపలా ఎందుకు? పుష్పకేతుకు అనుమానం వచ్చింది. అంతలో బయట కంకాళుడి కేక, "నరవాసన! నరవాసన!"

మొదటి బట్ట నాకి చూశాడు. నవ్వకండర్రా, ప్రాణం మీదికొస్తే మీరూ నాకుతారు. ఉత్త గంజి. రెండోది నాకాడు. అదీ గంజే. "నరవాసన!" అడుగులు గడప దాకా వచ్చేశాయి. మూడోది నాకాడు. నాలుక ముడుచుకుపోయింది. పటిక!

దాన్ని కాగులో పడేశాడు. వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో కంకాళుడు, ఒళ్ళంతా నీళ్ళు కారుతూ. కలం తీసి, గోడమీది బట్టపై పుష్పకేతు పాదాలు గీశాడు. పాదాలు మాయమయ్యాయి. మోకాళ్ళు గీశాడు. మోకాళ్ళు మాయమయ్యాయి. పుష్పకేతు దబ్బున కూలబడ్డాడు. నడుము గీశాడు. నడుమూ పోయింది.

కువలయ కర్రతో బట్టను పైకి లాగింది. లేతెరుపు బట్ట మధ్యలో చిక్కటి ఎర్రచిలక! అది కన్ను తెరిచింది. పుష్పకేతుకు చేతులింకా మిగిలే ఉన్నాయి. పొగలు కక్కుతున్న బట్టను అందుకుని, చిలక మెడ మీదుగా పర్రున చించాడు.

కంకాళుడు గావుకేక పెట్టి బూడిదై రాలిపోయాడు. గోడలమీది పూలూ పిట్టలూ కిటికీల్లోంచి ఎగిరిపోయాయి. పుష్పకేతు కాళ్ళు తిరిగొచ్చాయి. అన్నలు బట్టలోంచి బయటికి అడుగుపెట్టారు.

పెద్దన్న తమ్ముణ్ణి గట్టిగా వాటేసుకున్నాడు. "మా ముందు నుంచే నడిచావురా. ఇద్దరం ఎంత అరిచామో! నీకు వినపడలేదు."

అన్న భుజం మీద తలపెట్టి పుష్పకేతు ఏడ్చాడు.

పక్షి తన పిల్లలతో పాటు వాళ్ళందరినీ ఇటు తెచ్చి దింపింది. మోదుగలు ఆలస్యంగానైనా విరగబూశాయి. రాణి ముగ్గురికీ ముద్దలు కలిపి పెట్టింది. కువలయకూ పుష్పకేతుకూ పెళ్ళయింది. అన్నలే పట్టుబట్టి తమ్ముణ్ణి సింహాసనం ఎక్కించారు. జుట్టు నెరిసి మనవల్ని ఎత్తుకునేదాకా అతను చల్లగా రాజ్యమేలాడు. ఏటా వసంతానికి బట్టలమీద పూలూ వేయించాడు. ఒక్క ఆజ్ఞ మాత్రం పెట్టాడు. బట్టమీద మనిషి బొమ్మ వేస్తే నోరు కాస్త తెరిచే వేయాలి. లోపలినుంచి ఎవరైనా పిలిస్తే, ఈసారి వినపడాలి.