సువర్ణ చేతికి ఇంకో ఫ్లాస్కు

ఏమర్రా, చక్కగా రాసే పిల్లను మెచ్చుకోవడం తప్పంటారా? తొందరపడకండి, విన్నాక చెబుదురుగాని.

కెమిస్ట్రీ లెక్చరర్ చంద్రకళ ఒకరోజు తన గురువు రత్నాంబగారి దగ్గర కూర్చుని వాపోయింది. "అమ్మా, తండా నుంచి వచ్చిన మా సువర్ణకు పరిశోధన సంస్థలో వేసవి శిక్షణకు సీటొచ్చింది. నాకు చేతకాదు, వెళ్లనంటోంది. రేపటిలోగా ఒప్పుకోకపోతే సీటు పోతుంది. నీలాంటి పిల్లలే శాస్త్రవేత్తలు కావాలని దానికి ఎన్నిసార్లు చెప్పానో! ఇంకేం చెప్పమంటారు?"

శిష్యుల ప్రశ్నలకు రత్నాంబగారు ఏనాడూ తిన్నగా జవాబిచ్చింది లేదు. "పద, మీ ల్యాబు చూద్దాం," అని చెప్పులేసుకున్నారు.

ల్యాబులో పిల్లలు ఇద్దరిద్దరుగా ఉన్నారు. ఒకరు చేయడం, ఒకరు రాయడం. సువర్ణ రాస్తోంది.

"చూశారా అమ్మా, దీని రాత! చేరినప్పటి నుంచీ రీడింగులన్నీ దీనిచేతే రాయిస్తున్నాను," అంది చంద్రకళ మురిసిపోతూ.

"ఏదీ, ఇవాళ నువ్వు చెయ్యమ్మా," అన్నారు రత్నాంబగారు.

"వద్దు మేడం, శిరీష చేస్తుంది."

"అది ఫ్లాస్కు పట్టుకుంటే భూకంపమే మేడం!" అని పక్కనున్న శిరీష కిసుక్కున నవ్వింది.

అన్నంత పనీ అయింది. సువర్ణ అందుకున్న ఫ్లాస్కు చేతిలోంచి జారి భళ్లుమంది. చంద్రకళ పరుగున వచ్చి, "పోనీలేవే తల్లీ, నువ్వు రాసుకో," అని పెన్ను అందించబోయింది.

రత్నాంబగారు చీపురు తెచ్చి పెంకులు ఊడుస్తూ, తలెత్తకుండానే అడిగారు. "చంద్రకళా, నువ్వు నా క్లాసులో మొదటి ఫ్లాస్కు పగలగొట్టినప్పుడు నీ చేతికేమిచ్చానే?"

చంద్రకళకు గుర్తుంది. ఇంకో ఫ్లాస్కు. అదీ పగిలితే మరొకటి. ఆమె అలమారా తెరిచి, కొత్త ఫ్లాస్కు సువర్ణ చేతిలో పెట్టింది. పెన్ను తనే పట్టుకుని స్టూలు మీద కూర్చుంది.

ఈసారి ఫ్లాస్కు నిలిచింది. కానీ లేత గులాబీ రంగు రాగానే ఆపాల్సిన బ్యూరెట్టు గొట్టం చుక్కలు ఆగలేదు. ద్రావణం ముదురు రంగుకు తిరిగింది. చంద్రకళ చెయ్యి అలవాటుగా బ్యూరెట్టు వైపు వెళ్లి, మధ్యలోనే ఆగిపోయింది.

సువర్ణ ఆ రంగు వంక కాసేపు చూసింది. "మేడం, ఇంకోసారి చెయ్యనా?"

చేసింది. అదీ కుదరలేదు. మళ్లీ చేసింది. రంగు వచ్చీరానట్టుగా లేతగా తేలింది. ఫ్లాస్కును కిటికీ వెలుగులో పట్టుకుని చాలాసేపు చూసి, మెల్లిగా అడిగింది.

"అక్కడ కూడా నన్ను చెయ్యనిస్తారా మేడం?"

చంద్రకళ గురువుగారి వైపు చూసింది.

"చెయ్యనివ్వకపోతే అడుగు. ఇవాళ అడిగావుగా," అంటూ రత్నాంబగారు, బల్ల కింద మిగిలిపోయిన పెంకులు ఊడవడానికి వంగారు.