పింఛయ్య డైట్ పొట్లాలు

అనగనగా, సీతాఫలం పొదలు నిండిన ఒక అడవిలో పింఛయ్య అనే నెమలి, అతని భార్య గౌరమ్మ ఉండేవారు పిల్లలూ. పొద్దున్నే ఇద్దరూ బయల్దేరి, నడుస్తూ నడుస్తూ చీమలు, మిడతలు, రాలిన గింజలు, లేత చిగుళ్లు తినేవారు. సాయంత్రం ఎగిరి చింతకొమ్మ మీద పడుకునేవారు.

ఒకరోజు పింఛయ్య వాగు నీళ్లలో తన నీడ చూసుకున్నాడు. నీళ్లు కదిలి నడుము లావుగా కనిపించింది.

"వానలొస్తున్నాయి. ఈ నడుముతో నాట్యం చేస్తే ఎవరు చూస్తారు?" అని దిగులుపడ్డాడు.

చెట్టు మీద చలపతి అనే కోతి అది విన్నాడు. రోడ్డు మీద ఆగిన బస్సుల్లోంచి తిండి ఎత్తుకురావడం అతని పని.

"బావా, ఇవి డైట్ చిప్స్. కొవ్వు సున్నా అని పైన రాసుంది. పొట్లానికి ఒక ఈక ఇవ్వు, చాలు" అని పొట్లాలు చూపించాడు.

"ఒక పొట్లంలో సున్నా అయితే పది పొట్లాల్లోనూ సున్నాయే కదా" అని పింఛయ్య లెక్క వేశాడు. పదీ తినేశాడు. మర్నాడూ అంతే.

"ఏమయ్యా, మిడతలు బాగా దొరుకుతున్నాయి, రా" అని గౌరమ్మ పిలిచింది.

"నేను డైట్‌లో ఉన్నానే. నడిచే ఓపిక లేదు" అన్నాడు పింఛయ్య.

చలపతి అతన్ని రెండు చేతులతో ఎత్తి చూసి, "తేలికయ్యావు బావా" అన్నాడు. నిజమే, ఈకలన్నీ పోయాయి మరి. పొట్ట మాత్రం గుమ్మడికాయలా పెరిగింది.

ఒక సాయంత్రం అడవిపిల్లి వచ్చింది. గౌరమ్మ కొమ్మ మీదికి ఎగిరింది. పింఛయ్య ఎగరబోయాడు. కాళ్లు లేచాయి, పొట్ట లేవలేదు. మళ్లీ రెక్కలు కొట్టాడు. దుమ్ము లేచింది, అతను లేవలేదు. మూడోసారి జానెడు లేచి, ఎక్కిళ్లు వచ్చి వెల్లకిలా పడ్డాడు.

పిల్లి దూకబోయింది. గౌరమ్మ రివ్వున దిగి దాని ముక్కు మీద పొడిచింది. పిల్లి ఆమె రెక్క పట్టుకుంది.

అది చూసి పింఛయ్య పక్కకు తిరిగాడు. పరుగెత్తలేక దొర్లుకుంటూ వెళ్లి పిల్లిని ఢీకొట్టాడు. అతని ఒంటినిండా చిప్స్ కారం. అది పిల్లి ముక్కులోకి పోయింది. పిల్లి తుమ్ముకుంటూ పారిపోయింది.

గౌరమ్మ రెక్క నుంచి రక్తం కారుతోంది. "నా వల్లే నీకు దెబ్బ తగిలింది" అని పింఛయ్య ఏడ్చాడు.

"ఏడుపు చాలు. రేపు నాతో నడు" అంది గౌరమ్మ.

మర్నాడు వాగు దాకా నడిచేసరికే పింఛయ్యకు ఆయాసం వచ్చింది. ఒక చీమను నోట్లో వేసుకుని, "ఉప్పు లేదే" అన్నాడు.

"చీమకు ఉప్పెక్కడిదయ్యా? తిను" అంది గౌరమ్మ.

తిన్నాడు. రోజూ నడిచాడు. పొట్ట మెల్లగా తగ్గింది. వానల్లో పొట్టి చీపురులాంటి తోకతోనే నాట్యం చేశాడు. అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు. ఆ సాయంత్రం చింతకొమ్మ మీదికి తనే ఎగిరాడు.

చలపతి మళ్లీ వచ్చాడు. "బావా, చక్కెర లేని బిస్కెట్లు, కొత్త రకం" అన్నాడు.

"నువ్వు రోజూ ఏం తింటావు చలపతీ?" అని పింఛయ్య అడిగాడు.

"నేనా? జామకాయలు, చింతచిగురు. ఈ బిస్కెట్లు నాకు పడవు బావా" అని నాలుక కరుచుకున్నాడు చలపతి.

నీతి: పొట్లం మీది రాత ఒళ్లు తగ్గించదు. రోజూ కాస్త నడిచి, మామూలు తిండి మితంగా తింటేనే ఒళ్లు మన మాట వింటుంది.