ముడి పడని మూడో గొంగడి

అనగనగా ఒక రాజు. ఆ రాజు నిజంగా ఉన్నాడా అని మీకు అనుమానం వస్తే రానివ్వండి, తప్పేం లేదు. అనుమానం వల్ల బాగుపడ్డ పిల్ల కథే ఇది.

ఆ రాజుగారి కోట గోడకు వంద కొయ్యలుండేవి. ఏటా వసంతంలో మూడు రోజుల పాటు చేతిపని తెలిసినవాళ్ళు ఎవరైనా సరే, తాము చేసింది తెచ్చి ఆ కొయ్యలకు తగిలించుకోవచ్చు. జనం చూసేవారు, నచ్చితే కొనేవారు. పేరున్నవాళ్ళకు సింహద్వారం పక్కన కొయ్యలు. కొత్తవాళ్ళకు చిట్టచివరి కొయ్య, గుర్రాల సాల పక్కన. అక్కడికి ఈగలు తప్ప ఎవరూ వచ్చేవారు కాదు.

ఆ ఏడు ఆ చివరి కొయ్య బీరవ్వకు దక్కింది. బీరవ్వ గొర్రెలు కాసే కురుమల పిల్ల. ఉన్ని తానే వడికి, చింతగింజల గంజి పెట్టి, గొంగడి తానే నేసేది. అందరి గొంగళ్ళూ ఉత్త నలుపు. బీరవ్వ గొంగడిలో మాత్రం నలుపు మీద తెల్ల ఉన్నితో వాన కురిసేది, కొంగలు లేచేవి. ఏడాదంతా కూర్చుని మూడు గొంగళ్ళు నేసింది. వాటిని నలుగురూ చూడాలి, నలుగురూ కప్పుకోవాలి. అదొక్కటే ఆమె కోరిక.

బయలుదేరేటప్పుడు వాళ్ళవ్వ ఒక మాట చెప్పింది. "గొంగడి కొనేటోడు నడుమల కడివెడు నీళ్ళు పోసి చూస్తడు బిడ్డా. చుక్క కారకుంటెనే మంచి గొంగడి. అప్పుడే నువ్వు అంచుకు ముడి వెయ్యాలె. ముడి పడితేనే అది వాడిది. నీళ్ళు పొయ్యకుండ మెచ్చుకునేటోన్ని నమ్మకు."

"అట్లనే అవ్వా" అంది బీరవ్వ. తోడుగా నల్ల పొట్టేలును తీసుకుని వచ్చింది. ఆ పొట్టేలుకు మాటలొచ్చు. అయితే అనవసరంగా మాట్లాడేది కాదు.

మొదటి రోజు పొద్దు వాలేదాకా ఒక్కరూ రాలేదు. అప్పుడొచ్చాడు ఒక వర్తకుడు. చెవుల మీదికి దిగిన పెద్ద తలపాగా. పది అడుగుల దూరం నుంచే "ఆహా! ఓహో! ఇంత పనితనం నేనెక్కడా చూడలేదు!" అన్నాడు. గొంగడిని ముట్టుకోలేదు. నీళ్ళు పొయ్యలేదు. అడిగినంతా ఇచ్చేశాడు.

తొలి బేరం కదర్రా! బీరవ్వకు కాళ్ళు నేల మీద ఆనలేదు. అవ్వ మాట మరిచి చకచకా ముడి వేసి ఇచ్చేసింది. కాసేపటికి దారం వడకబోతే కుడి బొటనవేలు కర్రలా బిగుసుకుపోయింది.

రెండో రోజూ అతనే వచ్చాడు. దూరం నుంచే మెచ్చుకున్నాడు. బీరవ్వకు లోపల ఏదో గుచ్చుకుంది. కానీ పక్క కొయ్య బుట్టలామె, "కాళ్ళ కాడికొచ్చిన బేరం తన్నుకుంటవా పిల్లా?" అంది. బీరవ్వ బిగిసిన వేలితోనే ముడి వేసింది. అంతే, ఆమె కళ్ళకు నల్ల ఉన్నీ తెల్ల ఉన్నీ ఒక్కలాగే కనబడసాగాయి.

పొట్టేలు అప్పుడు నోరు విప్పింది. "గొర్రె కసాయోన్నే నమ్ముతదని మా జాతికి చెడ్డపేరు. నేను ఎవన్నీ నమ్మను. నువ్వేమో మనిషివై ఉండి నమ్మినవు."

మూడో రోజు తెల్లవారింది. చేతిలో ఒక కడవతో ఓ యువకుడు వచ్చాడు. "నీళ్ళు పోసి చూడొచ్చా?" అని అడిగాడు.

బీరవ్వ ఎగాదిగా చూసింది. "ఎవరు నువ్వు? నిన్ను ఎవరు పంపిన్రు?"

"రాజుగారి మూడో కొడుకును. పేరు మణిధరుడు. మూడేళ్ళుగా చూస్తున్నాను, ఈ చివరి కొయ్య దగ్గర నిలబడ్డవాళ్ళు మళ్ళీ రావడం లేదు. అందరి దగ్గరా కొన్నది ఆ తలపాగా మనిషే. నిరుడు ఇక్కడ కుట్టుపని పెట్టిన పిల్ల ఇప్పుడు సూదిని చూసి 'ఇదేమిటి?' అని అడుగుతోంది. మా పెద్దన్నకు చెబితే, 'అతను నాకు ఉంగరమిచ్చాడు, మంచివాడు' అన్నాడు. చిన్నన్నకు చెబితే, 'నాకు గుర్రమిచ్చాడు, ఇంకా మంచివాడు' అన్నాడు."

"మరి నీకేమిచ్చిండు?" అంది పొట్టేలు అనుమానంగా.

"ఇవ్వబోయాడు. నేను తీసుకోలేదు."

బీరవ్వకు అప్పుడర్థమైంది. వేలు పోయింది, చూపు పోయింది. మూడో గొంగడికి కూడా ముడి వేసి ఇస్తే, ఆ సూది పిల్లకు లాగే నేయాలన్న కోరికే పోతుందన్నమాట. అంతకన్నా చావు నయమనిపించింది. ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని, "పోయినవి తెచ్చుకోవాలె. వాడి ఇల్లు ఎక్కడో తెలియాలె" అంది.

పొద్దు వాలేవేళకు వర్తకుడు వచ్చాడు. బీరవ్వ నవ్వుతూ మూడో గొంగడి ఇచ్చింది. కానీ అంచుకు ముడి వేయలేదు. అడ్డంగా నేసిన పేక దారం కొస ఒకటి లాగి కొయ్యకు కట్టింది. అతనికి గొంగడి సంగతులేం తెలుసు! చంకన పెట్టుకుని, మేఘమై ఏడు సముద్రాల అవతలికి ఎగిరిపోయాడు. అతను కంకాళకర్ణుడనే మాంత్రికుడు. వెళ్తుంటే వెళ్తుంటే వెనక గొంగడి ఊడుతూ వచ్చింది.

ఏడు సముద్రాలకు సరిపడా దారం ఒక్క గొంగడిలో ఉంటుందా అని అడుగుతారు. నేనూ మా నాయనమ్మను అడిగాను. "నువ్వెప్పుడైనా విప్పి కొలిచావా?" అంది.

దారం పట్టుకుని బీరవ్వ, మణిధరుడు, పొట్టేలు ముగ్గురూ సముద్రపు ఒడ్డుకు వచ్చారు. పడవ లేదు. బీరవ్వ తాను కప్పుకున్న, అవ్వ నేసిచ్చిన పాత గొంగడిని భుజం మీంచి తీసి నీళ్ళ మీద పరిచింది. లోపల పోసిన నీళ్ళు బయటికి పోనివ్వని గొంగడి బయటి నీళ్ళను లోపలికి రానిస్తుందా? తేలింది. ఎక్కి కూర్చున్నారు.

ఒక ముసలి తాబేలు తల ఎత్తి, "నేను లాక్కెళ్తాను" అంది.

"ఉత్తగనా? నమ్మను. ఏం కావాలో చెప్పు" అంది పొట్టేలు.

"మెడ మీద దురద, నాయనా. నూరేళ్ళయింది. ఆ గరుకు గొంగడితో కాస్త రుద్దండి చాలు."

రుద్దారు. తాబేలు హాయిగా కళ్ళు మూసుకుని ఒక సముద్రం దాటించింది, రెండు దాటించింది, ఏడూ దాటించింది.

దారం ఒక గుహలోకి పోయింది. లోపల గోడల నిండా కొయ్యలు. కొయ్యల నిండా కొత్తవాళ్ళ తొలి పనులు: చీరలు, చాపలు, బుట్టలు, కుట్లు. చూసేవాళ్ళెవరూ లేక, చీకట్లో దుమ్ము పట్టి ఉన్నాయి. అది చూసి బీరవ్వకు భయం పోయి కోపం వచ్చింది.

గుహ నడుమ, బీరవ్వ రెండు గొంగళ్ళు చుట్టి ఏదో ఉంది. దాని పక్కన మాంత్రికుడు మూడో గొంగడి కోసం తడుముకుంటున్నాడు. చేతిలో మిగిలింది జానెడు దారం.

"మోసం!" అని అరిచాడు. "అమ్మాయీ, మళ్ళీ నేసి ముడి వెయ్యి. లేకపోతే రాయి చేస్తాను!"

"వేస్త సామీ" అంది బీరవ్వ. "కానీ మోసపోయినవు నువ్వే. నీళ్ళు పోసి చూడని గొంగడి ముడి నిలవదు. ఆ రెండూ ఇవాళో రేపో ఊడిపోతయి. నీ ఇష్టం."

అందరినీ మోసం చేసేవాడికి అందరి మీదా అనుమానమే. మాంత్రికుడి చెవులు వణికాయి. "నువ్వు అబద్ధమాడుతున్నావేమో!"

"నమ్మకు. పోసి చూస్కో."

మాంత్రికుడు ఉండబట్టలేక రెండు గొంగళ్ళూ లాగేశాడు. కింద పంజరం. పంజరంలో చలికి వణుకుతున్న చిలుక. వాడు చిలుకను మరిచి, ఒక గొంగడిని నాలుగు రాళ్ళకు కట్టి నీళ్ళు పోశాడు. వంగి, చుక్క కారుతుందేమోనని కింది నుంచి చూశాడు. కారలేదు. తెల్ల వాన మధ్య కొంగలు కనబడ్డాయి. అన్నేళ్ళలో వాడు ఒక పనిని దగ్గరగా చూడటం అదే మొదలు. "ఎంత బాగుంది!" అన్నాడు. ఈసారి నిజంగానే అన్నాడు.

ఆ మాట పూర్తయ్యేలోగా మణిధరుడు పంజరం తలుపు తీశాడు. చిలుక రివ్వున ఎగిరింది. మాంత్రికుడి ప్రాణం దానిలోనే ఉంది. అది ఎంత దూరం పోతే వాడు అంత పలచబడ్డాడు. కొండ దాటేసరికి తలపాగా మాత్రం మిగిలింది.

బీరవ్వ రెండు ముళ్ళూ విప్పింది. వేలు కదిలింది. నలుపు నలుపైంది, తెలుపు తెలుపైంది. గోడల మీది పనులన్నీ మూటగట్టి తెచ్చి ఎవరివి వాళ్ళకిచ్చారు. నిరుటి పిల్ల తన కుట్టుగుడ్డను గుండెకు హత్తుకుని సూది అడిగి తీసుకుంది. అప్పటి నుంచి ఆ కోటలో కొత్తవాళ్ళకు సింహద్వారం పక్క కొయ్యే ఇచ్చారు, కింద నీళ్ళ కడవ పెట్టి మరీ.

మణిధరుడు పెళ్ళాడతానంటే బీరవ్వ సరేనంది. పందిట్లో ఒక ముడి పడింది. రెండో ముడి పడింది. మూడో ముడి దగ్గర, "జర ఆగు" అంది.

పందిరంతా గతుక్కుమంది. రాణిగారు తలపట్టుకున్నారు. మణిధరుడు మాత్రం నవ్వి, రెండు చేతులూ కలిపి దోసిలి పట్టాడు. బీరవ్వ చెంబుతో నీళ్ళు పోసింది. వంగి, దోసిలి కింద చూసింది. పొట్టేలు కూడా వంగి చూసింది.

ఒక్క చుక్క కారలేదు.

"ఊఁ, ఇగ వెయ్యి" అంది బీరవ్వ.

ఆ ముడి నూరేళ్ళయినా ఊడలేదు. వాళ్ళు చల్లగా రాజ్యమేలారు, ఆమె నేస్తూనే ఉంది. నమ్మరా? మంచిది. నీళ్ళు పోసి చూసుకోండి.